రంగేసిన గడ్డి

పోయిన వారం మేజర్ బొగుమిల్ క్రెఫ్ట్‌ని రెజిమెంటు గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈ వారం దాకా అక్కడే ఉన్నాడు. ఆయన్ని కదిలించే ముందు, మధ్యలో చేరిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను.

కమ్యూనిస్టుల కాలంలో క్రెఫ్ట్ మా పోలండ్ సైన్యంలో రాజకీయ బోధకుడు. సైనికులు ఏం నమ్మాలో వాళ్లకి చెప్పడం ఆయన ఉద్యోగం. ప్రభుత్వం మారింది, గోడ మీది పటాలు మారాయి, ఆయన మాత్రం అదే గదిలో అదే కుర్చీలో సంక్షేమాధికారి అనే కొత్త పేరుతో మిగిలాడు. అలాంటి వాళ్లు చాలామంది పేరు మార్చుకుని ఊరుకున్నారు. క్రెఫ్ట్ ఊరుకోలేదు. నిజంగానే ఏదో ఒకటి బాగుచేయాలనుకున్నాడు. అప్పుడు ఆయన కంటికి 'అల' కనిపించింది.

అల అంటే మా బారకాసుల్లో అందరికీ తెలిసినదే, పైకి ఎవరూ అనరు. నిర్బంధ సేవకి వచ్చిన కుర్రాళ్లలో పాతవాళ్లు 'తాతలు', కొత్తవాళ్లు 'పిల్లులు'. పిల్లి తాత పక్క వెయ్యాలి, బూట్లు మెరిపించాలి, దీపాలార్పే ముందు బీరువా మీదికెక్కి, తాతగారు ఇంటికి వెళ్లడానికి ఇంకా ఎన్ని రోజులుందో గట్టిగా అరిచి చెప్పాలి. లెక్క తప్పితే దెబ్బలు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లే తాతవుతుంది. సెవెరిన్ మాలెక్ అనే పిల్లికి ఈ చలికాలంలో ఎడమ చెవి వినపడకుండా పోయింది. కొట్టిందెవరో వాడు చెప్పలేదు, పేర్లు చెప్పినవాడు ఆ గదిలో బతకలేడు. అయినా జరిగింది చెప్పడానికి క్రెఫ్ట్ వాణ్ణి బతిమాలి ఒప్పించాడు. "డెన్మార్క్ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. వాళ్ల ముందు నువ్వు చెప్పు, నేను ఇంగ్లీషులో చెప్తాను. నీ మీద ఈగ వాలనివ్వను. ఇది నా మాట," అన్నాడు. మాలెక్ మాట్లాడతాడని తన కర్నల్‌కీ, ఫోన్ చేసి డెన్మార్క్ కెప్టెన్‌కీ ముందే చెప్పి ఉంచాడు.

వచ్చే ఏడాది పోలండ్ నాటోలో చేరబోతోంది. ఏ రెజిమెంటు డెన్మార్క్ వాళ్లతో కలిసే ఉమ్మడి దళంలోకి వెళ్తుందో, దేనికి తాళం పడుతుందో ఇంకా తేలలేదు. మా ఊరు మొత్తం ఆ రెజిమెంటు మీదే బతుకుతోంది. కాబట్టి ఏప్రిల్‌లో ఆ పొద్దున, డెన్మార్క్ కార్లు మలుపు తిరుగుతుండగా, క్రెఫ్ట్ కంగారుపడ్డాడంటే వింతేమీ లేదు. సరిగ్గా అప్పుడే ఆయన కవాతు మైదానం పక్కనున్న గడ్డి వైపు చూశాడు. వర్షం లేని వసంతం. నిన్నటి దాకా గడ్డి చచ్చి పసుపురంగులో ఉంది. ఇవాళ పచ్చగా నిగనిగలాడుతోంది.

"రంగేయించారా?" అన్నాడు పక్కనున్న కర్నల్ హిలారి ఓస్తాష్‌తో.

"రాత్రంతా వేశారు పిల్లలు," అన్నాడు కర్నల్ గర్వంగా. "ట్యాంకులకి వేసే రంగు మిగిలింది. బాగుంది కదూ?"

నవ్వకండి. మా సైన్యంలో పెద్దవాళ్లొస్తే గడ్డికి రంగేయడం, బొగ్గుకి సున్నం కొట్టడం మామూలే. మాస్కో నుంచి జనరళ్లు వచ్చిన రోజుల్లోనూ వేశాం. వాళ్లకీ తెలుసు, వాళ్ల ఊళ్లోనూ వేసేవాళ్లు. చూసి తలాడించి వెళ్లేవాళ్లు. దాంతో పెద్ద ఇబ్బంది ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే మా దగ్గర గడ్డి మీద ఎవరూ నడవరు. కర్నల్ నుంచి వంటవాడి దాకా అందరం చుట్టూ తిరిగి సిమెంటు దారినే పోతాం.

కారు దిగిన కెప్టెన్ బీర్తె హోల్క్‌కి ఆ సంగతి తెలీదు. పొడుగ్గా, ఎండకి కందిన మొహంతో ఉన్న ఆవిడ సెల్యూట్ చేద్దామని చెయ్యి ఎత్తింది. మా కర్నల్ ఆ చేతిని గాలిలోనే అందుకుని, వంగి, ముద్దు పెట్టుకున్నాడు. ఆడవాళ్లకి అది మా మర్యాద. యూనిఫాంలో ఉన్న అధికారికి అది మర్యాదా కాదా అని ఆయన ఆలోచించలేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, అవతల వరసగా నిలబడ్డ సైనికుల్ని చూసి, వాళ్లని పలకరిద్దామని అడ్డంగా, తిన్నగా, గడ్డి మీంచి నడిచింది.

రంగు ఇంకా ఆరలేదు.

కుర్రాళ్లందరి కళ్లూ ఆవిడ బూట్ల మీదే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు, నవ్వితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. పలకరింపులు అయ్యాక ఆవిడ సమావేశ మందిరంలోకి నడిచింది. మెరిసే నడవా మీద వెనకాలే ఆకుపచ్చ అడుగులు పడ్డాయి. కర్నల్ కనుసైగ చేశాడు. ఇద్దరు పిల్లులు తడిగుడ్డలు పట్టుకుని మోకాళ్ల మీద ఆవిడ వెనకే తుడుచుకుంటూ వచ్చారు. ఆవిడ ఓసారి వెనక్కి తిరిగి చూసింది, వాళ్లని చూసింది, తన బూట్లు చూసుకుంది, ఏమీ అనలేదు. ఏదన్నా అని ఉంటే బాగుండేదని క్రెఫ్ట్‌కి అనిపించింది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోతున్నాయి.

మందిరంలో సైనికులు బల్లల మీద కూర్చున్నారు. క్రెఫ్ట్ మొదటి వరస చూశాడు. మాలెక్ కూర్చోవలసిన చోట కార్పొరల్ చాప్లా కూర్చున్నాడు. చాప్లా తాతల్లో ఒకడు. ఇంకో నెలలో ఇంటికి పోతాడు. మాటకారి, గదిలో అందరినీ నవ్విస్తాడు. క్రెఫ్ట్ రెండో వరస చూశాడు, చివరి దాకా చూశాడు. మాలెక్ ఎక్కడా లేడు.

"మీకేమన్నా ఇబ్బందులుంటే స్వేచ్ఛగా చెప్పండి," అంది కెప్టెన్. క్రెఫ్ట్ దాన్ని పోలిష్‌లో చెప్పాడు.

మొదటి బల్ల మీంచి ఒకడు లేచాడు. "స్వేచ్ఛగా చెప్తున్నాను. సూప్‌లో మాంసం తక్కువగా ఉంటోంది," అని కూర్చున్నాడు. రెండో బల్ల మీంచి ఒకడు లేచాడు. "స్వేచ్ఛగా చెప్తున్నాను. బూట్లు కొంచెం బిగుతు." మూడో వాడికి దుప్పట్లు. నాలుగో వాడు తన వంతు మర్చిపోయి పక్కవాడి వైపు చూస్తే, పక్కవాడు "వేణ్ణీళ్లు" అని అందించాడు.

ఇది కర్నల్ కుట్ర అనుకుంటే పొరపాటు. ఆయన కల్మషం లేని మనిషి. విదేశీయులకి సైనికులు స్వేచ్ఛగా మాట్లాడటం ఇష్టమని క్రెఫ్టే ఆయనకి చెప్పాడు. సరేనని వారం రోజులు కూర్చోబెట్టి స్వేచ్ఛగా మాట్లాడటం నేర్పించాడు. ఫిర్యాదులు పంచిపెట్టాడు. ఎవరికీ అన్యాయం జరగకుండా ఒక్కో గదికి ఒక్కోటి ఇచ్చాడు.

కెప్టెన్ ఓపిగ్గా విని, క్రెఫ్ట్ వైపు తిరిగి, "మీరు ఫోన్‌లో చెప్పిన అబ్బాయి ఏడీ? మాలెక్?" అంది.

మాలెక్ అన్న పేరు అనువాదం లేకుండానే అందరికీ అర్థమైంది. కర్నల్ చిరునవ్వుతో వేలు చూపించాడు. "మాలెక్, లేచి మాట్లాడు."

చాప్లా లేచాడు.

క్రెఫ్ట్ కర్నల్ చెవి దగ్గరికి వంగాడు. "ఇతను మాలెక్ కాదండీ."

"ఇవాళ్టికి ఇతనే," అన్నాడు కర్నల్ నవ్వు చెదరకుండా. "అసలువాడికి నోట్లోంచి మాట రాదు, మొహం చూస్తే చావు కబురు తెచ్చినట్టుంటుంది. అడవిలో గోదాముకి కాపలా పంపించాను. ఈ కుర్రాడు చక్కగా మాట్లాడతాడు. పాత కష్టం చెప్పి, ఇప్పుడు అంతా బాగుందంటాడు. నువ్వు అడిగిందీ అదేగా? ఇక కానివ్వు, కామ్రేడ్ మేజర్."

ఆ కామ్రేడ్ అన్న మాట మా సైన్యంలోంచి తీసేసి ఏళ్లయింది. కంగారొచ్చినప్పుడు కర్నల్ నోట్లోంచి ఇంకా ఊడిపడుతుంది. అది విని క్రెఫ్ట్ ఒళ్లు దానంతటదే నిటారుగా అయింది. పాత రోజుల్లో ఆ మాట విన్నాక ఎదురు చెప్పిన అలవాటు ఆయనకి లేదు.

చాప్లా బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పాడు. కొత్తలో కాస్త మోటు సరదాలు ఉండేవని, సంస్కరణలు వచ్చాక అందరూ అన్నదమ్ముల్లా ఉంటున్నామని. క్రెఫ్ట్ అనువదించాడు. కెప్టెన్ లేచి, బల్లల మధ్యలోంచి నడిచి చాప్లా ఎడమ పక్కకి చేరి, మెల్లగా "మాలెక్" అంది. అతను తల తిప్పాడు.

"మోటు సరదా అంటే ఏంటి? నిన్ను ఏం చేశారు?" అని క్రెఫ్ట్ చేత అడిగించింది.

ఈ ప్రశ్న కర్నల్ నేర్పించలేదు. చాప్లా అందరి వైపూ చూశాడు. నవ్వుదామని చూశాడు గానీ రాలేదు.

"బీరువా మీద నిలబెట్టారు," అన్నాడు చివరికి. "రోజులు లెక్క చెప్పమన్నారు. వాడు ఒకటి తప్పు చెప్పాడు... నేను తప్పు చెప్పాను. కిందికి దిగమన్నారు. అరచెయ్యి ఇలా దొప్పలా పెట్టి చెవి మీద కొడితే పెద్ద చప్పుడొస్తుంది. ఆ చప్పుడుకి అందరూ నవ్వుతారు. అందుకని కొట్టడం. పగ ఏమీ లేదు. రెండోసారి కొట్టినప్పుడు చెవిలోంచి రక్తం వచ్చింది. వాడు ఏడవలేదు. తువ్వాలు తడుపుకొచ్చి చెవికి అడ్డం పెట్టుకుని నిలబడి, 'మళ్లీ మొదట్నుంచి చెప్పనా, తాతా?' అన్నాడు. అదే అన్నాడు. అప్పుడు కూడా నవ్వారు అందరూ. నేను కూడా నవ్వాను."

ఆ కుర్రాళ్లందరికీ తెలుసు, మాలెక్‌ని కొట్టింది ఎవరో. మాలెక్ పేరు పెట్టుకుని నిలబడ్డవాడే. కర్నల్‌కి తెలీదు, ఆయన అడగలేదు. క్రెఫ్ట్‌కి ఆ క్షణంలోనే తెలిసింది.

కెప్టెన్ ఆయన వైపు తిరిగింది. "ఏమంటున్నాడు?"

క్రెఫ్ట్‌కి ఇల్లు రెజిమెంటుది. భార్య పనిచేసే శిశువిహారం రెజిమెంటుది. ఇవన్నీ తలుచుకుని భయపడ్డాడని రాస్తే ఆయన్ని కొంత క్షమించవచ్చు. కానీ నిజం చెప్పాలంటే ఇవేవీ ఆయనకి గుర్తు రాలేదు. రష్యన్ జనరళ్ల పక్కన నిలబడి పదిహేనేళ్లు అనువాదం చేసిన నోరు అది. దానికి అలవాటైన దారి ఒకటుంది, ఆ దారినే పోయింది.

"కొత్తలో ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడట," అన్నాడు ఇంగ్లీషులో. "ఇప్పుడు ఫర్వాలేదంటున్నాడు."

"చాలాసేపు మాట్లాడాడే?"

"మా భాషలో మాటలు పొడుగండీ."

అన్నాడు. అనేశాడు. నలభై ఆరేళ్ల మనిషి, రాత్రిళ్లు క్యాసెట్లు వింటూ ఇంగ్లీషు నేర్చుకున్నవాడు, దేశం మారాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు, ఆ మాటే అన్నాడు. కెప్టెన్ ఆయన్ని ఓ క్షణం చూసి, థాంక్స్ చెప్పి కూర్చుంది.

సమావేశం అయ్యాక క్రెఫ్ట్ నడవాలోకి వచ్చి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల అడుగుల చప్పుడైంది. చాప్లా.

"నేను చెప్పింది మీరేం చెప్పారు సార్?"

"చెప్పవలసింది చెప్పాను. నువ్వెళ్లు."

"నాకు ఇంగ్లీషు రాదు సార్. కానీ నేను అంత చెప్తే మీరు ఇంతే చెప్పారు." వేళ్లతో చిటికెడు చూపించాడు. "ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. ఆ మాటలు వింటే మొహం మారుద్ది సార్. మావాళ్ల మొహాలు చూశారుగా, తెలిసిన సంగతే అయినా మారాయి."

"కార్పొరల్, అటెన్షన్."

చాప్లా మడమలు కలిపి నిలబడ్డాడు. అలా నిలబడే మాట్లాడాడు. "కర్నల్ గారు నీకు వాగుడెక్కువ, నువ్వు మాలెక్‌వి అన్నారు. మా గదిలో పడీ పడీ నవ్వాం సార్. నన్నే దొరికించుకున్నాడు చూడండ్రా అని. తీరా లేచి నిలబడి చెప్తుంటే సిగ్గేసింది. కొట్టినప్పుడు వెయ్యలేదు, చెప్తుంటే వేసింది. ఎందుకో తెలీదు."

"కొట్టింది నువ్వేనని ఇప్పుడే తెలిసింది నాకు," అన్నాడు క్రెఫ్ట్ గొంతు పెంచి. గొంతు పెంచితే తనది పైచెయ్యి అవుతుందని ఎక్కడో ఆశ. "నిన్ను జైలుకి పంపగలను తెలుసా?"

"పంపండి సార్. పంపాలంటే ఏం జరిగిందో చెప్పాలిగా. చెప్తారా?"

క్రెఫ్ట్ కిటికీ వైపు తిరిగాడు.

"వాడు నెల రోజుల్నుంచీ దుప్పటి ముసుగేసుకుని మెల్లగా చదువుకుంటున్నాడు సార్, ఈవిడకి ఏం చెప్పాలో. మేం వినపడీ విననట్టు పడుకునేవాళ్లం. 'పిల్లి ప్రార్థన చేసుకుంటోంది' అని నేనే వెక్కిరించాను. ఇవాళ పొద్దున లారీ ఎక్కమంటే, 'మేజర్ గారికి తెలుసా' అని అడిగాడు. తెలుసులే ఎక్కు అన్నాం. తెలుసనగానే ఎక్కేశాడు."

క్రెఫ్ట్‌కి ఆ చివరి మాట గుండెలో గుచ్చుకుంది. తన పేరు చెబితే ఆ కుర్రాడు నోరెత్తకుండా లారీ ఎక్కాడు. బయట మైదానంలో గడ్డి మీద కెప్టెన్ అడుగులు బయటపడ్డ మోసంలా పసుపు పసుపుగా కనిపిస్తున్నాయి. ఎదురుగా ఉన్నవాడు చెవి పగలగొట్టిన దుర్మార్గుడు. వాడి మొహం చూడ్డానికి మేజర్‌కి మొహం చెల్లడం లేదు.

"నేను వెళ్లొచ్చా సార్?"

"వెళ్లు."

ఎక్కడికని అడగలేదు.

భోజనాలు అధికారుల మెస్సులో. పుల్లటి జూరెక్ సూప్, ఉడికించిన గుడ్లు, బీట్‌రూట్, కర్నల్ స్వయంగా ఎంచిన వోద్కా. ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మూడుసార్లు లేచి స్నేహం కోసం గ్లాసెత్తాడు. క్రెఫ్ట్ మూడుసార్లూ తు.చ. తప్పకుండా అనువదించాడు. ఆ మాటల్లో తీసేయడానికేమీ లేదు.

"బాగా చేశావయ్యా," అన్నాడు కర్నల్ ఆయన భుజం తట్టి. "ఆ కుర్రాడు దారి తప్పితే నువ్వు సర్దేశావు. మనలో మనం ఒకళ్లనొకళ్లం కాచుకోకపోతే ఎవరు కాస్తారు? నీ ప్రమోషన్ సంగతి నేను చూసుకుంటా."

ఆ మెచ్చుకోలు కన్నా చెంపదెబ్బ నయమనిపించింది క్రెఫ్ట్‌కి. చెంచా కింద పెట్టేశాడు.

కెప్టెన్ హోల్క్ ఆయన పక్కనే కూర్చుంది. సూప్ తాగుతూ, ఎవరితోనో వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టుగా, మెల్లగా అంది. "ఆ అబ్బాయికి ఎడమ చెవి వినపడదని మీరు ఫోన్‌లో చెప్పారు. నేను ఎడమ పక్కకే వెళ్లి మెల్లగా పిలిచాను. వెంటనే తల తిప్పాడు. మీ డాక్టర్లు గొప్పవాళ్లు."

క్రెఫ్ట్ కింద పెట్టిన చెంచా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను," అందావిడ. "నా రిపోర్టు ఇంకా మొదలుపెట్టలేదు. మీరు నాకేమన్నా చెప్పాలా, మేజర్?"

చెప్పవలసింది ఆయన నాలుక చివరనే ఉంది. పక్కన కర్నల్, ఏమంటోందని కనుబొమ్మలెగరేశాడు. క్రెఫ్ట్ ఆయన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

"సూప్ చల్లారిపోతోంది," అన్నాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

చాప్లా నిలబడి ఉన్నాడు, చెమటలు కక్కుతూ. వంటవాడి సైకిలు ఎక్కి అడవి దాకా పోయి, ఒకణ్ణి వెనక కూర్చోబెట్టుకు తొక్కుకొచ్చాడు. ఆ ఒకడు అతని పక్కనే ఉన్నాడు. సన్నగా, భుజాల మీద పైన్ ఆకులతో, కాపలా వాళ్ల పెద్ద కోటులో.

కర్నల్ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. "ఎవడు రమ్మన్నాడ్రా మిమ్మల్ని? పోస్టు వదిలి ఎవడు వెళ్లమన్నాడు?"

"మేజర్ గారే వెళ్లమన్నారు సార్," అన్నాడు చాప్లా. అబద్ధం కాదు మరి.

"ఎవరీ అబ్బాయి?" అంది కెప్టెన్.

ఆ కుర్రాడే టోపీ సర్దుకుని, మేజర్‌కి సెల్యూట్ చేశాడు. "ప్రైవేట్ సెవెరిన్ మాలెక్ అండీ. మీరు రమ్మన్నారు కదండీ, వచ్చాను. గోదాముకి పంపించడం వల్ల లేటయింది. ఏమనుకోకండి."

ఆ గొంతులో నిష్ఠూరం ఇసుమంత కూడా లేదు. అదే క్రెఫ్ట్‌ని నిలువునా కోసింది. మాలెక్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మేజర్‌కి ఎడమ పక్కన, తన కుడి చెవి ఆయన వైపు ఉండేలా నిలబడ్డాడు.

"అటు పక్క చెవి పోయిందండీ, అందుకని ఇటు నిలబడ్డాను. చాప్లా దారిలో అంతా చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు. మీరేం చెప్తారో నాకు తెలీదు. ఎంతసేపు చెప్తారో మాత్రం వింటానండీ."

తర్వాత, దుప్పటి కింద నేర్చుకున్నది మొదలుపెట్టాడు. కర్నల్ ఆపమన్నాడు. కెప్టెన్ చెయ్యెత్తి కర్నల్‌ని కూర్చోమంది. మాలెక్ తొందరపడకుండా, ఒక్కటీ వదలకుండా, చాలాసేపు మాట్లాడాడు.

అయిపోయాక నోరు మూసుకుని, మంచి చెవిని మేజర్ వైపు తిప్పి, వినడానికి నిలబడ్డాడు.